చేతులు వెనక్కి కట్టుకుని

మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట పెట్టుకుని, గోడకు ఆనుకుని, పొద్దున కూర్చుంటే చీకటి పడే దాకా అదే పని. జగిత్యాల దగ్గర మా ఊళ్లో చాలామంది ఆడవాళ్ల బతుకు అంతే. ఆమె మోకాళ్లు పట్టేసిన తర్వాత ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నువ్వు కూసో అమ్మా, మేం జేస్తం." అమ్మను బాగా చూసుకోవడమంటే అదే అనుకున్నాం.

ఆ అలవాటుతోనే నేను జపాన్ వచ్చాను. నర్సింగ్ చదివాక జపనీస్ నేర్చుకుని, ఎన్4 అనే జపనీస్ భాషా పరీక్షతో పాటు కేర్ పనికి పెట్టే పరీక్షలూ పాసై, ఐదేళ్ల వీసా మీద ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో చేరాను. మొదట్లో అక్కడి పెద్దావిడలను "అమ్మమ్మా" అని పిలవాలని నోటి దాకా వచ్చేది. అలా పిలవకూడదు, ఇంటిపేరు చెప్పి చివర "సాన్" అనాలి అన్నారు.

చేరిన రెండో వారంలో తప్పు చేశాను. పక్షవాతంతో ఎడమ చేయి పడిపోయిన ఒక పెద్దావిడ రోజూ ఒంటి చేత్తో స్వెటర్ బొత్తాలు పెట్టుకుంటుంది. ఆరేడు నిమిషాలు పడుతుంది. టిఫిన్ వేళ దాటిపోతోందని నాకు టెన్షన్. గబగబా నేనే పెట్టేశాను. ఆవిడ తల వంచి థాంక్స్ చెప్పింది. మా సీనియర్ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఆ బొత్తాలు ఆమె పెట్టుకోగలదు. రోజూ నువ్వే పెడితే కొన్నాళ్లకు పెట్టుకోలేదు" అంది. సేవ చేస్తే తిట్టిందేమిటని ఆ రాత్రి ఏడ్చాను. మర్నాడు ఆ సీనియర్ ఎలా చేస్తుందో చూశాను. పెద్దావిడ పక్కన, కాస్త వెనగ్గా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. చివరి బొత్తాం పడేదాకా కదల్లేదు.

ఈ దేశంలో 2000 ఏప్రిల్ నుంచి వృద్ధుల సంరక్షణకు బీమా ఉంది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కడతారు. మనిషికి ఎంత సాయం అవసరమో చూసి ఏడు స్థాయిల్లో ఒకటి ఇస్తారు. మిగిలిన శక్తితో ఆ మనిషి తన పని తాను చేసుకోవాలన్నదే ఆ చట్టం ఉద్దేశం. మాకు నేర్పే చిన్న చిన్న పద్ధతులన్నీ దాని కోసమే.

కుర్చీలోంచి లేవడమే తీసుకోండి. చేతులు పట్టుకుని పైకి లాగడం మనకు తెలిసిన పద్ధతి. కానీ మనిషి తిన్నగా పైకి లేవడు. ముందు పాదాలు మోకాళ్ల కన్నా వెనక్కి తీస్తాడు, నడుము వంచి తల ముందుకు తెస్తాడు. బరువు పాదాల మీదికి వచ్చాక పిరుదులు వాటంతట అవే లేస్తాయి. మనం ఎదురుగా అడ్డం నిలబడితే ఆ వంగడానికే చోటుండదు. నమస్కారం పెట్టినట్టు వంగమని చెబితే చాలు, ఇక్కడి పెద్దవాళ్లకు అది పుట్టుకతో వచ్చిన అలవాటు. పక్షవాతం వచ్చినవాళ్లకు చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, తీసేటప్పుడు బాగున్న చేతి నుంచి మొదలుపెట్టాలి. దీన్ని జపనీస్‌లో "చక్కన్ దక్కెన్" అంటారు. మన "చక్కన"లా వినిపించి నాకు ఇట్టే గుర్తుండిపోయింది. చేతికర్ర బాగున్న వైపు పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగాలేని కాలు ముందు. భోజనానికి ముందు అందరూ "ప, త, క, ర" అని గట్టిగా పలుకుతారు. పెదాలు, నాలుక, గొంతు కదిలి ముద్ద సరిగా దిగడానికి.

సెలవు రోజున పొద్దున ఆరున్నరకు నా గది పక్కనున్న పార్కుకు వెళ్తాను. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు రేడియో పెట్టుకుని వ్యాయామం చేస్తుంటారు. 1928లో మొదలైన రేడియో వ్యాయామం ఇది. మొదటి భాగంలో పదమూడు కదలికలు, మూడు నిమిషాల పైచిలుకు. నిలబడలేనివాళ్లు బెంచీ మీద కూర్చునే చేతులు ఊపుతారు.

అన్నీ బాగున్నాయని చెప్పను. మనుషులు తక్కువైన షిఫ్టులో మేమూ తొందరపెడతాం, బొత్తాలు మేమే పెట్టేస్తాం. ఒక మనిషి కోసం ఏడు నిమిషాలు ఆగాలంటే, మిగతావాళ్లను చూడటానికి ఇంకో మనిషి ఉండాలి. ఆ రోజుల్లో గదికి వచ్చాక నిద్ర పట్టదు.

మొన్న దసరాకు వీడియో కాల్‌లో అమ్మకు లేవడం నేర్పాను. "కాళ్లు ఎనక్కి దియ్యి. దండం పెట్టినట్టు వంగు." "గిట్లనా బిడ్డా?" అంది. అన్న కంగారుగా ఎదురొచ్చి చేతులు చాపాడు. "పక్కకు జరుగు అన్నా, ఆమె ముందట నిలవడకు" అన్నాను. రెండుసార్లు కూలబడింది. మూడోసారి లేచింది. నిలబడి ఫోన్‌లోకి చూసి నవ్వింది.

జపాన్‌కూ మనకూ మూడున్నర గంటల తేడా. పోయిన ఆదివారం నేను రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర. తెరమీద ఖాళీ కుర్చీ కనబడింది. గుండె గుభేలుమంది. "అమ్మ ఏది?" అన్నాను.

"కొత్తిమీర తెంపనీకి పెరట్లకు వోయింది" అంది వదిన. "పిలవాల్నా?"

వద్దన్నాను. ఆమె వచ్చేదాకా ఫోన్ పట్టుకుని ఆ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాను.