మేడమ్ ధర

రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా తెల్లారలేదు. ఇథియోపియాలోని బహిర్ దార్‌లో బయల్దేరి మూడు రోజులైంది. అడిస్ అబాబా, ముంబై, సికింద్రాబాద్ అన్నీ సగం నిద్రలోనే దాటిపోయాయి. కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాక గానీ ప్రాణం కుదుటపడలేదు. కడియపులంక దగ్గర నర్సరీల తడిమట్టి వాసన, జొన్నాడ వంతెన మీద గోదారి గాలి. కిటికీ అద్దం పూర్తిగా తోసేసి కూర్చున్నాను. రెండేళ్ళయింది ఆ గాలి తగిలి.

రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగుతుందన్నారు. అరటిపళ్ళు కొనకుండా రావులపాలెం దాటి ఇంటికి వెళ్ళిన గుర్తు నాకు లేదు. దిగాను. తాళ్ళకి గెలలు వేలాడుతున్నాయి. చక్రకేళి గెల ఒకటి కిందనుంచి రెండు అత్తాలు కోసి ఉంది, కోసినచోట జిగురు ఇంకా ఆరలేదు.

"డజను ఎంతండీ?"

"వంద, మేడమ్."

ఎంత చెప్పినా ఇథియోపియా డబ్బు బిర్రుల్లోకి లెక్కేసుకోవడం అలవాటైపోయింది. ఆ లెక్క చూసుకుంటూ ఒక్క క్షణం ఆగాను. ఆమె నా మొహం కేసి, బ్యాగుకి వేలాడుతున్న విమానం ట్యాగు కేసి చూసింది. వంద ఇచ్చాను. నా వెనకే మా బస్సులోంచి దిగినావిడ అదే గెల చూపించింది. "అరవై ఇవ్వండి పిన్నిగారూ" అంది అమ్మేమనిషి, అడక్కుండానే. అదే కత్తి, అదే గెల, పక్క అత్తం.

నలభై రూపాయలకి ఎవరూ ఏడవరు. కానీ ఆవిడ పిన్నిగారు, నేను మేడమ్. బస్సెక్కి కూర్చున్నాక గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

ఇథియోపియాలో ఇది నాకు రోజువారీ బాధే. బహిర్ దార్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకీ ఇంటికీ మధ్య, వీధి మలుపులో ఆడవాళ్ళు పట్టా పరిచి కూరగాయలు పెట్టుకుంటారు. ఆ చిన్న సంతని గులిత్ అంటారు. తూకం ఉండదు, మన ఊళ్ళో పోగులు పెట్టినట్టే ఐదేసి టమాటాలు, నాలుగేసి ఉల్లిపాయలు కుప్పలుగా పేరుస్తారు. పిల్లలు నన్ను చూసి 'ఫరంజ్' అని అరిచేవారు. మన ఫిరంగి, పరంగి అన్న మాటలకి చుట్టమే అది. ఆ పిలుపు వినపడ్డాక ఇంక ధర మారదు. వాళ్ళ మనిషికి 'హయా', అంటే ఇరవై. నాకు 'అర్బా', నలభై. పట్టుబట్టి వాళ్ళ భాషలో అంకెలు నేర్చుకున్నాను. 'సింత్ నౌ?' అని వాళ్ళలాగే ధర అడిగేదాన్ని. టమాటాలమ్మే ఆమె సంబరపడిపోయి 'ఇహితె' అనేది, అంటే నా అక్కచెల్లెలా అని. ఒక టమాటా కొసరు కూడా వేసేది. ధర మాత్రం అర్బాయే.

మన రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. అక్కడ బోర్డు మీద ధర ఎవరికైనా ఒకటే. అలాంటి బోర్డు ఒక్కటి ఆ మలుపులో ఉంటే చాలని ఎన్ని సాయంత్రాలు అనుకున్నానో. ఒకరోజు ఉండబట్టలేక ఆమె మొహం మీదే తెలుగులో అనేశాను: "మా గోదారి జిల్లాల్లో అయితే ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని ఇలా దోచుకోరు." ఆమెకి అర్థం కాలేదు. నవ్వి, సంచిలో టమాటాలు సర్దింది.

అంబాజీపేట దగ్గర మా ఊరు చేరేసరికి ఎండెక్కింది. అమ్మ పళ్ళు చేత్తో పట్టుకుని చూసి, ఎంతకిచ్చారంది. చెప్పాను.

"వందా! మన ఊరి పేరు చెప్పకపోయావా? అంబాజీపేట మాది అంటే నోరెత్తేదా అది?"

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఆంటీ.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. రాత్రిపూట మా పెరట్లోకీ ఆ ఎరుపు కనపడేది. ఆ మరుసటేడు గ్యాస్ బావుల పనికొచ్చిన ఒక హిందీ కుటుంబం మా వీధి చివర అద్దెకి దిగింది. ఆ ఆంటీకి తెలుగు రాదు. మా పందిరికి కాసిన ఆనపకాయలు అమ్మ నాచేత పంపేది. చుట్టుపక్కల వాళ్ళకి మూడు రూపాయలు. "ఆవిడకి ఆరు చెప్పు, ఐదుకి తగ్గకు" అనేది. నాకు పదేళ్ళు. ఆరు వేళ్ళు చూపించి నిలబడేదాన్ని. ఆవిడ కాయని గోటితో నొక్కి చూసేది. తర్వాత కొంగు ముడి విప్పి, డబ్బులు నా అరచేతిలో ఒక్కొక్కటిగా పెట్టేది. ఒక్కసారి మాత్రం పక్కింటివాళ్ళ గుమ్మంలో ఉన్న కాయ వైపు చూపించి, చేతులు తిప్పుతూ ఏదో అడిగింది. నాకు హిందీ రాదన్నట్టు తల అడ్డంగా ఊపి, డబ్బులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేశాను. ఆవిడ ఏమడిగిందో ఆరోజే నాకు తెలుసు.

అమ్మకి చెప్పాను, ఆ ఆంటీ గుర్తుందా అని. అమ్మ పళ్ళు పళ్ళెంలో పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

"ఉంది. మనవైపు చీర కట్టు నేర్పమని వచ్చేది" అంది. "ఏదో పేరుండేదే ఆవిడకి..."

ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆలోచించాం. రెండేళ్ళు మా పెరటి కాయలు కొన్న మనిషి. పేరు గుర్తు రాలేదు.