పదికి ఎంత నొప్పి?

మా అమ్మాయికి 13వ ఏట నెలసరి నొప్పులు బాగా ఎక్కువయ్యాయి. ఒకరోజు స్కూల్ బాత్రూమ్‌లోనే కూలబడిపోయిందని నర్సు ఫోన్ చేస్తే, ఆఫీసు నుంచి పరుగున వెళ్ళి తీసుకొచ్చాను. కారెక్కగానే నేనన్న మొదటి మాట, "ఓర్చుకోవాలి నాన్నా, ఆడపిల్లలకి ఇది మామూలే." మా అమ్మ నాతో అన్న మాటే. ఇంటికొచ్చాక వేడినీళ్ళ బ్యాగ్ ఇచ్చి, వాము నీళ్ళు తాగించి, దుప్పటి కప్పాను.

ఆ సాయంత్రం పక్కింటావిడ మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. మేముండేది అమెరికాలో. ఆవిడ నల్లజాతి మహిళ, నర్సుగా చేసి రిటైరయింది. సోఫాలో ముడుచుకుని ఉన్న పిల్లని చూసి, పక్కనే కూర్చుని, "పదికి ఎంత నొప్పి?" అని అడిగింది. పిల్ల నా వైపు చూసి "ఆరు" అంది. "మీ అమ్మ మొహం చూడకుండా చెప్పు" అంది ఆవిడ. పిల్ల కళ్ళు దించుకుని, "తొమ్మిది" అంది.

ఆ మూడు అంకెలు ఎక్కడ పోయాయో నాకు అప్పుడే అర్థమైంది. నా కోసం దాచేసింది.

ఆవిడ ఒక నోట్‌బుక్ తెమ్మని, గీతలు గీసి చూపించింది. తేదీ, ఎన్ని గంటలు ఉంది, పదికి ఎంత, ఏ మాత్ర వేసుకుంది, డాక్టర్ ఏమన్నారు. పరీక్ష అక్కర్లేదని డాక్టర్ అంటే, "నేను అడిగాను, మీరు వద్దన్నారని ఫైల్లో రాయండి" అని మర్యాదగా చెప్పమంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ డాక్టర్ చదువుల టెన్షన్ అని పంపేశారు. మూడు నెలల నోట్‌బుక్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. స్కాన్ రాశారు. అండాశయంలో సిస్ట్ ఉందని తేలింది. ఇప్పుడు మందులతో బాగానే ఉంది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఉద్యోగంలో కొంత, వాళ్ళమ్మ దగ్గర ఎక్కువ అంది. ఆసుపత్రిలో తమ మాట నమ్మరని చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆడవాళ్ళు కూతుళ్ళకి ఇలాంటి జాగ్రత్తలు చెప్పి పంపుతారట. "పిల్లని ఒకసారి మాంట్‌గోమరీ తీసుకెళ్ళు" అంది. మేముండేది అట్లాంటా పక్కన. అలబామాలోని ఆ ఊరు కారులో రెండున్నర గంటల దూరం. అన్నేళ్ళుగా ఇక్కడుంటూ మేము ఒక్కసారీ వెళ్ళలేదు.

అక్కడ 2021లో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి నిలబెట్టిన మూడు లోహపు విగ్రహాలున్నాయి. అనార్కా, బెట్సీ, లూసీ. 1840లలో ఆ ఊళ్ళోనే జె. మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస స్త్రీల మీద శస్త్రచికిత్సలు ప్రయోగించి చూశాడు. కష్టకాన్పుతో లోపల చిల్లి పడి, మూత్రం ఆగకుండా కారిపోయే జబ్బు వాళ్ళది. మత్తుమందు ఇవ్వలేదు. ఒక్క అనార్కా మీదే 30 సార్లు కోశాడు. వాళ్ళు ఒప్పుకున్నారా అన్న ప్రశ్నే లేదు, వాళ్ళ శరీరాలు యజమానుల ఆస్తి. లూసీ పడిన బాధ ఎంత భరించలేనిదో సిమ్సే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆధునిక స్త్రీవైద్య పితామహుడని ఆయనకి విగ్రహాలు పెట్టారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోది 2018లో తీసేశారు.

అనార్కా విగ్రహానికి పొట్ట ఉండాల్సిన చోట ఖాళీ. గర్భసంచి వేరుగా పక్కన ఉంది, దాని నిండా కత్తెరలు, సూదులు, గాజు ముక్కలు. మా అమ్మాయి దాని ముందు చాలాసేపు నిలబడింది. తన చెయ్యి తన పొత్తికడుపు మీదకి వెళ్ళింది. "నొప్పి అని ఆవిడ చెప్పలేదా అమ్మా?" అంది. చెప్పింది, అరిచింది కూడా, వాళ్ళు ఆగలేదు అన్నాను. అంతకంటే నాకేం చెప్పాలో తోచలేదు.

ఇది ఎప్పటి కథో అనుకోవడానికి లేదు. నల్లవాళ్ళ చర్మం మందం, నొప్పి తక్కువ అనేలాంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్ని, తాము అడిగిన తెల్లజాతి వైద్య విద్యార్థులు, రెసిడెంట్లలో (శిక్షణలో ఉన్న డాక్టర్లు) సగం మంది నమ్ముతున్నారని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనం 2016లో చెప్పింది. 2023 ప్రభుత్వ లెక్కల్లో లక్ష కాన్పులకి నల్లజాతి తల్లులు 50 మంది చనిపోతే, తెల్లజాతి తల్లులు 14, 15 మంది. సెరీనా విలియమ్స్‌కి డబ్బుకీ పేరుకీ కొదవ లేదు కదా. 2017లో పాప పుట్టిన మర్నాడు ఊపిరాడక, నాకు స్కాన్ తియ్యండి అంటే, మందుల మత్తులో ఏదో అంటోందనుకుంది నర్సు. పట్టుబట్టి తీయించుకుంటే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు కనిపించాయి.

మన భాషలో ఆడదానికి భూదేవంత ఓర్పు ఉండాలంటాం. నల్లజాతి ఆడవాళ్ళని ఇక్కడ ఎప్పుడూ 'స్ట్రాంగ్' అంటారు. రెండూ మెచ్చుకోళ్ళలాగే వినిపిస్తాయి. కానీ ఓర్చుకునేవాళ్ళని ఎవరూ ఎలా ఉన్నావని అడగరు. అలాగని మన బాధా వాళ్ళ బాధా ఒకటే అని నేను అనను. మా అమ్మమ్మలు కష్టపడ్డారు, వాళ్ళ ముత్తవ్వలు అమ్ముడుపోయారు.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో నల్లజాతి జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మనసు బాగాలేదని టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు, "అంత దూరం వెళ్ళి ఇదేంటి" అని మా ఇంట్లోనే అనుకున్నాం. ఆ మాట ఇప్పుడు నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మాకు అరగంట దూరంలోని స్పెల్మన్ కాలేజీలోనే 1983లో బిల్లీ ఏవరీ అనే ఆరోగ్య కార్యకర్త నల్లజాతి స్త్రీల ఆరోగ్యం మీద మొదటి జాతీయ సమావేశం పెట్టించింది. తర్వాత ఊరూరా ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, ఎవరికీ చెప్పనివి ఒకరికొకరు చెప్పుకునే బృందాలు నడిపారు. బీపీ, బరువుల మాట ఎంతుందో, కుంగుబాటు మాట, ఇంట్లో దెబ్బల మాట అంతే ఉండేది. మన సంఘాల్లో సంక్రాంతి ముగ్గుల పోటీ ఎంత బాగా చేస్తామో, ఇలాంటి ఒక్క సాయంత్రం పెట్టడానికి అంత జంకుతాం.

ఇంకోమాట కూడా చెప్పాలి. ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియాలో వాళ్ళెక్కువ" అని మనం గొంతు తగ్గించి అనుకుంటాం. పిల్లలు వెనక సీట్లో వింటూనే ఉంటారు. మిసిసిపీలో ఫానీ లూ హేమర్‌కి 1961లో గడ్డ తీస్తామని చెప్పి, అడక్కుండా గర్భసంచే తీసేశారు. మరుసటి ఏడు నుంచి ఆవిడ ఓటు హక్కు కోసం పోరాడింది, జైల్లో దెబ్బలు తింది. అలాంటివాళ్ళు నడిపిన పౌరహక్కుల ఉద్యమం వేడిలోనే 1965 వలస చట్టం వచ్చింది. మనకి ఈ దేశం తలుపు తెరుచుకుంది దానితోనే. మా అమ్మాయికి ఇది స్కూల్ పాఠంగా కాదు, మేమిక్కడికి ఎలా వచ్చామో చెప్పే ఇంటి కథగా చెబుతున్నాను.

ఈ వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. పక్కింటావిడ శనివారాలు స్నేహితురాళ్ళతో అరగంట నడుస్తుంది. నల్లజాతి స్త్రీలు గుండె కోసం, మనసు కోసం నడవాలని 2010లో మొదలైన గర్ల్‌ట్రెక్ అనే సంస్థని చూసి అలవాటు చేసుకున్నారట. మమ్మల్నీ రమ్మంది. అమ్మ చీర మీదే స్పోర్ట్స్ షూ వేసుకుని బయల్దేరింది. రెండో మలుపు దగ్గర మోకాలు పట్టుకుని ఆగింది.

"అమ్మమ్మా, పదికి ఎంత నొప్పి?" అంది మా అమ్మాయి.

"ఏదో కొంచెంలే తల్లీ, పదండి."

"కొంచెం అంటే అంకె కాదు. అమ్మ వైపు చూడకుండా చెప్పు."

అమ్మ రోడ్డు పక్క బెంచీ మీద కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏడు," అంది. "రాత్రిళ్ళు తొమ్మిది."

మా అమ్మాయి ఫోన్ తీసి తేదీ వేసి రాసుకుంది.