వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: అసలు ఎన్ని గంటలు?

అమ్మను అక్క దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్ళాలి. అమ్మకు షుగర్, ఇన్సులిన్ వాడుతుంది. ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి అక్కడ దిగేదాకా ఎన్ని గంటలో రాసుకురండి, డోసులు దాన్నిబట్టి సర్దుదాం అన్నారు డాక్టరు గారు. టికెట్ చూస్తే అది తేలదు. సింగపూర్‌లో పొద్దున్న ఎక్కి, అదే తారీఖు పొద్దున్నే అమెరికాలో దిగుతున్నట్టుంటుంది. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు మరి.

అందుకని అన్నీ మన టైములోకి మార్చి రాసుకున్నాను. సింగపూర్ మనకంటే 2.30 గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో వేసవిలో 12.30 గంటలు వెనక, చలికాలంలో 13.30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు మారుస్తారు కాబట్టి ప్రయాణం ఆ దాపుల్లో పడితే మళ్ళీ లెక్క చూసుకోవాలి.

ఇక దారి. గ్లోబు మీద రెండు ఊళ్ళకీ దారం బిగించి చూడండి. అది చైనా, సైబీరియా మీంచి పైకెక్కి అలాస్కా మీదుగా దిగుతుంది. సుమారు 13,300 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానమైతే లేదు. ఢిల్లీలో మారితే 13,700 దాకా, సింగపూర్‌లో మారితే 2,900కి 13,600 కలిపి 16,500. ఢిల్లీయే నయం కదా అనిపిస్తుంది. కానీ కిలోమీటర్లను నమ్ముకోకూడదు. పైన పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ గాలులు వీస్తుంటాయి. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్ళించింది. దారి పెరిగి 15,300 కిలోమీటర్లయినా, గాలి వెనక నుంచి తోయడంతో 14.30 గంటల్లోనే చేరింది.

మాకు దొరికిన టికెట్లలో ఢిల్లీలో కూర్చోవాల్సిన సమయమే ఎక్కువ. సింగపూర్‌కైతే వైజాగ్‌లోనే ఇమిగ్రేషన్ అయిపోతుంది, ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకుంటే లగేజీ చివరిదాకా వెళ్ళిపోతుంది. 4 గంటలు, ఆ తర్వాత 15.30. మధ్యలో ఆగేది కూడా కలిపి డాక్టరు గారికిచ్చాను. ఇన్సులిన్‌ని, ఆయన రాసిచ్చిన చీటీని చేతిసంచిలోనే పెట్టాం. చెకిన్ లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది. అమ్మ వాచీ మాత్రం దిగేదాకా మన టైములోనే ఉంచాం. ఎయిర్‌హోస్టెస్ ఏ పూటదని ట్రే తెచ్చినా అమ్మ వాచీ చూసుకునే ముట్టుకునేది.

వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. సింగపూర్‌కే 17 గంటలు పడుతుంది. పైగా శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం పొద్దున్న దిగుతాం. అది విని అమ్మ, "అయితే నా శనివారం ఏమైనట్టు?" అంది. అమ్మది శనివారం ఒంటిపూట. విమానంలోనే వస్తుందమ్మా అంటే ఒప్పుకోలేదు. తిరుగు టికెట్ సోమవారానికి వేయించాం.