క్యాన్సిల్ కొట్టండి మేడమ్

మా పిల్ల చిన్ని వచ్చి, తిని పడుకుంది. అత్తమ్మ కూడా నిద్రపోయింది. నాకే ఇంకా కోపం దిగలేదు.

కాజీపేటలో రైలు దిగేసరికి రాత్రి పదకొండు. యాప్‌లో ఆటో బుక్ చేసి, ఎప్పట్లాగే ఆటో ఎక్కడుందో చూపించే లింక్ నాకు పంపింది. ఆటో బొమ్మ స్టేషన్ దగ్గరికి వచ్చింది, అంతలోనే రైడ్ రద్దయిందని చూపించింది. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇల్లు చేరేదాకా నా ప్రాణం నాది కాదు. తీరా చూస్తే, "క్యాన్సిల్ కొట్టండి మేడమ్, అందులో చూపించిన పైసలే ఇయ్యండి" అన్నాడట ఆటో అతను. యాప్‌కు పోయే కమీషన్ మిగులుతుందని. చిన్ని క్యాన్సిల్ కొట్టి, అదే ఆటో ఎక్కింది.

మా కాలేజీ రోజుల్లో ఈ లింకులెక్కడివి? హన్మకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి యూనివర్సిటీ దగ్గర దిగేవాళ్లం. ఒకసారి వానలో నా బాటనీ రికార్డు ఆటోలో ఉండిపోయింది. బొమ్మలన్నీ వేసి, సంతకాలు కూడా అయిన రికార్డు. రాత్రంతా ఏడుపే. తెల్లారి అడ్డా మీదికి పోతే, సీటు కింద నుంచి కవర్లో చుట్టిన రికార్డు తీశాడు ఆ అన్న. "తడవలే బిడ్డా, చూస్కో" అన్నాడు. అతని పేరు తెలీదు, బండి నంబరు తెలీదు. అడ్డా తెలుసు. ఎవరైనా తేడాగా ఉంటే మిగతా ఆటోవాళ్లే నిలదీసేవాళ్లు.

అదే నయమని రాయబోయాను. కాదు. ఆ నమ్మకం పొద్దుగూకేదాకే. రాత్రి బండికి వస్తే నాన్న స్కూటర్ మీద రావాల్సిందే, ఆయనకు కుదరకపోతే నా ప్రయాణమే ఆగేది. చిన్ని ఒక్కతే ఆ వేళకు దిగుతోందంటే ఓటీపీ, నంబరు, ఆ లింకు ఉండబట్టే. ఊరికే రాలేదవి. 2014లో ఢిల్లీలో ఉబర్ క్యాబ్ డ్రైవర్ ఒక అమ్మాయిపై అత్యాచారం చేశాకే ఆ యాప్‌లో ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బటన్ పెట్టారు.

ఆటో అతన్ని పూర్తిగా తిట్టలేను. 2023 డిసెంబరులో తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆటోలకు గిరాకీ తగ్గింది. ఉన్నదాంట్లో కమీషన్ కూడా పోతే ఏం మిగులుతుంది? చిన్ని గేటు తీసుకుని లోపలికి వచ్చేదాకా లైటు వేసి నిలబడ్డాడు కూడా. మంచివాడే. కానీ ఆ సంగతి పిల్ల ఇల్లు చేరాకే కదా నాకు తెలిసింది!

కారణం లేకుండా రైడ్ రద్దు చేస్తే చార్జీలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా జరిమానా అని 2025 కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. నొక్కింది మా పిల్ల కాబట్టి అతనికేం అంటదు. రద్దయ్యాక కూడా రెండు ఫోన్లూ ఒకే దారిలో పోతుంటే కంపెనీకి కనబడదా? కనీసం రాత్రిపూటైనా, పిల్ల ఇల్లు చేరేదాకా ఆ లింకు ఆగకూడదు.