ఎడమవైపుకు తిరిగి పడుకోమ్మా

21 రోజులకు ఒకసారి నాకు పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ ఇంజెక్షన్ పడుతుంది. 12 లక్షల యూనిట్లు. తెల్లటి పొడిలో నీళ్ళు కలిపి బాగా కుదిపితే పాలలా అవుతుంది. లావు సూది కావాలి, సిస్టర్ కాస్త ఆలస్యం చేస్తే మందు సూదిలోనే అడ్డుపడుతుంది. వేయించుకున్న రోజంతా తుంటి పట్టేసి కాలు ఈడ్చుకుంటూ నడుస్తాను. నిన్న వేయించుకుని వచ్చి, మంచం మీద ఒక పక్కకు వాలి ఇది రాస్తున్నాను. రాయాలని నాలుగేళ్ళ నుంచీ అనుకుంటున్నాను. ఆ రాత్రిని తలుచుకుంటేనే ఊపిరి బిగుసుకుపోయేది. ఇప్పుడు అంత లేదు.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. బీఎస్సీ, బీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని. ఏటా బోర్డు మీద గుండె బొమ్మ గీసేదాన్ని. చెడు రక్తానికి నీలం సుద్ద, మంచి రక్తానికి ఎర్ర సుద్ద. పై రెండు గదులు కర్ణికలు, కింది రెండు జఠరికలు. కుడివైపుది ఊపిరితిత్తులకు పంపుతుంది, ఎడమవైపుది ఒళ్ళంతటికీ పంపుతుంది. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే తలుపు పేరు ద్విపత్ర కవాటం, అదే మైట్రల్ వాల్వు. ఆరేళ్ళు అదే పాఠం చెప్పాను. నా గుండెలో ఆ తలుపు అతుక్కుపోయి ఉందని మాత్రం నాకు తెలియదు.

పెళ్ళైన రెండో ఏడు కడుపు వచ్చింది. ఐదో నెలలో స్కూల్ మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది. పడుకుంటే దగ్గు. ఒక దిండు చాలక రెండు, రెండు చాలక మూడు పెట్టుకున్నాను. పట్నంలో చూపించుకునే మేడంతో ఈ మూడు దిండ్ల సంగతి చెప్పాను. నాకు బాగా గుర్తు, వేళ్ళు చూపించి మరీ చెప్పాను. ఆవిడ కాగితం మీంచి తల ఎత్తకుండా, "మొదటి కానుపు కదమ్మా, ఈ టైములో అందరికీ ఆయాసం ఉంటుంది. టెన్షన్ పెట్టుకోకు" అని గ్యాస్ మాత్రలు రాసింది. వీపు మీద గానీ గుండె మీద గానీ స్టెత్ పెట్టలేదు. ఇంటికొచ్చి అత్తయ్యతో చెబితే, "మేం నిండు చూలుతో మిరపకాయలు కోశాం" అంది. అది నిజమే. అందుకే నేనూ నోరు మూసుకున్నాను.

భోగి ముందు రోజు ఇంటినిండా చుట్టాలు. పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వత్తాను. పొద్దున్నుంచీ ఉప్పు, కారం, పచ్చళ్ళు, పొగ. రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది. మెలకువ అనకూడదు, నీళ్ళలో ఎవరో తల ముంచి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా లేచాను. కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. చలిగాలి ముఖానికి తగులుతోంది, లోపలికి మాత్రం పోవడం లేదు. గొంతులో గుడగుడమని శబ్దం. దగ్గితే నురగ వచ్చింది, లేత గులాబీ రంగులో. కొంగుతో తుడుచుకుని చూసుకున్నాను. ఆ మరక ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పొట్టలో బిడ్డ కదిలింది. "ఇద్దరం పోతాం" అనుకున్నాను. మా ఆయన నన్ను పడుకోబెట్టాలని చూస్తుంటే ఆయన చేతులు తోసేశాను. మాట రాక తల అడ్డంగా ఊపాను. పడుకుంటే చచ్చిపోతానని ఒంటికే తెలిసిపోయింది.

108 వచ్చింది. అందులో ఉన్న అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా వృథా చేయలేదు. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, గుంటూరు దాకా నా వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. అతని ముఖం కూడా సరిగ్గా చూడలేదు. బాగుండాలి నాయనా, ఎక్కడున్నా.

క్యాజువాలిటీలో ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మందు నరానికి ఎక్కించారు. గంటలో మూత్రం బాగా అయ్యి, ఊపిరి కాస్త దారికొచ్చింది. తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న పీజీ అమ్మాయి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. నాకంటే చిన్నదే అయి ఉంటుంది, నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడు కొంచెం ఎడమవైపుకు తిరిగి పడుకోమ్మా, ఒక్క నిమిషం ఓర్చుకో" అంది. స్టెత్ ఎడమ రొమ్ము కింద పెట్టి కళ్ళు మూసుకుంది. ఒక్క నిమిషం కాదు, చాలాసేపు విన్నది. పక్కన ఎవరో పిలుస్తుంటే చెయ్యి ఎత్తి ఆగమంది. ఆ తర్వాత స్టెత్ తీసి, "చిన్నప్పుడు కీళ్ళ నొప్పులు వచ్చాయా?" అని అడిగింది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ అప్పుడే మా ఊరి నుంచి కారులో దిగింది.

పదకొండేళ్ళప్పుడు నాకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గుతుంటే మోచెయ్యి, ఆ తర్వాత చీలమండ. ఊళ్ళో ఆర్‌ఎంపీ "ఎదిగే పిల్ల, మామూలే" అని మాత్రలు ఇచ్చాడు, తగ్గిపోయింది. అందరం మర్చిపోయాం. గొంతులో చేరిన ఆ స్ట్రెప్టోకాకస్ మీద పోరాడటానికి ఒళ్ళు తయారు చేసుకున్న ఆయుధాలే పొరపాటున గుండె కవాటాల మీద పడతాయట. రుమాటిక్ జ్వరం అంటారు దీన్ని. అది కీళ్ళను వదిలేస్తుంది, గుండెను వదలదు. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కవాటం రేకులు దళసరెక్కి అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

అమ్మ ఇదంతా చెబుతుంటే అత్తయ్య విన్నది. బయట వరండాలో, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన, నలుగురి ముందు, "గుండె జబ్బు దాచిపెట్టి పిల్లనిచ్చారు" అంది. తలుపు తెరిచే ఉంది, నాకు వినబడింది. అమ్మ చేతిలో ఫ్లాస్క్ ఉంది. నాకోసం పాలు తెచ్చింది. ఆ ఫ్లాస్క్‌ను అలాగే గుండెలకు హత్తుకుని గోడ వైపుకు తిరిగి నిలబడింది. ఒక్క మాట తిరిగి అనలేదు. ఆక్సిజన్ మాస్కులో నుంచి నేను అరవాలనుకున్నాను. జబ్బు మాకే తెలియదు, తెలియనిది ఎలా దాస్తాం?

ఆ మధ్యాహ్నమే అత్తయ్య తన చేతి గాజులు తీసి తాకట్టుకు పంపింది. ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చేలోగా డబ్బు కావాలి. ఎవరూ అడగలేదు, ఆవిడే తీసింది.

ఎకో, అంటే గుండె స్కానింగ్, చేసిన డాక్టరు గారు కాగితం వెనక బొమ్మ గీశారు. నేను బోర్డు మీద గీసే బొమ్మే. మామూలుగా ఈ తలుపు తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది, నాకు 0.8 ఉంది. "మీ వైపు సాగర్ కాలువ ఉంది కదమ్మా? తూముకు ఏదైనా అడ్డం పడితే ఏమవుతుంది?" అన్నారు. వెనక నీళ్ళు ఎగదన్ని చేలల్లోకి ఊరతాయి, అన్నాను. అదే జరిగింది. ఎడమ కర్ణికలో రక్తం దిగక వెనక్కి ఎగదన్ని, ఊపిరితిత్తుల సన్న గొట్టాల్లో ఒత్తిడి పెరిగి, గాలి ఉండాల్సిన చోటికి నీరు ఊరింది. పడుకుంటే కాళ్ళలో ఉన్న రక్తం కూడా పైకి చేరుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. నా మూడు దిండ్ల లెక్క అదే.

మరి ఇన్నేళ్ళూ ఎలా తిరిగానని అడిగాను. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40, 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. కర్ణిక నుంచి జఠరికలోకి రక్తం దిగేది గుండె సడలినప్పుడే. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఒక్కో చుట్టు 0.8 సెకను, అందులో సగానికి పైగా సడలే సమయం. ఈ లెక్క పిల్లలకు నేనే చెప్పాను. వేగం పెరిగితే ముందు తగ్గేది ఆ సడలే సమయమే. ఇరుకు దారి, ఎక్కువ రక్తం, తక్కువ సమయం. భయపడితే గుండె ఇంకా వేగం, ఆయాసం ఇంకా ఎక్కువ, దాంతో ఇంకా భయం. అందుకే గుండె వేగం తగ్గించే మాత్ర వేశారు. టెన్షన్ వల్ల ఆయాసం కాదు, ఆయాసం వల్ల టెన్షన్. ఆ మేడం ఒక్కసారి తల ఎత్తి ఉంటే చాలు.

అతుక్కుపోయిన ఆ కవాటాన్ని తెరవడానికి హైదరాబాద్‌లో బెలూన్ వేశారు. ఈ బెలూన్‌ను తయారు చేసింది కాంజీ ఇనౌయే అనే జపాన్ సర్జన్, 1984లో దాని గురించి ప్రచురించారు. గుండె కోయకుండా, కుడి గజ్జలో సిర గుండా పైకి తీసుకెళ్తారు. ఎక్స్‌రే బిడ్డకు తగలకుండా నా పొట్ట చుట్టూ సీసం కవచం కప్పారు. మత్తు ఇవ్వలేదు, గజ్జ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రమే. మిగతా వివరాలు రాయను, అవి ఎవరికైనా ఒకటే.

ఒక్క సంగతి మాత్రం రాయాలి. సిర గుండా వెళ్ళిన గొట్టం కుడి కర్ణికకు చేరుతుంది. కవాటం ఉన్నది ఎడమ పక్క. మధ్యలో గోడ. ఆ గోడలో సూదితో చిన్న రంధ్రం చేసి అటు దాటతారు. ఎక్కడంటే, తల్లి కడుపులో ఉండగా మనందరికీ తెరిచి ఉండే చోటు. కడుపులో బిడ్డకు ఊపిరితిత్తుల పని లేదు కాబట్టి రక్తం కుడి నుంచి ఎడమకు ఆ కంతలోంచే దాటిపోతుంది. పుట్టి ఏడ్చి మొదటి ఊపిరి తీయగానే ఎడమ పక్క ఒత్తిడి పెరిగి పల్చటి తెర తలుపులా మూసుకుంటుంది, ఆ తర్వాత మెల్లగా అతుక్కుని చిన్న గుంటలా గుర్తు మిగులుతుంది. ఆ గుంటలోనే నాకు పొడిచారు. ఆ క్షణానికి నా గుండెలో ఆ దారి మళ్ళీ తెరుచుకుంది, నా కడుపులో నా కూతురి గుండెలో అదే దారి తెరిచే ఉంది. ఈ మాట డాక్టరు గారు చెప్పినప్పుడు ఏడుపు ఆగలేదు. దేవుడు ఉన్నాడా అని ఎవరైనా అడిగితే నాకు ఆ గుంటే గుర్తొస్తుంది.

బెలూన్ ఉబ్బినప్పుడు రెండు మూడు సెకన్లు కళ్ళు చీకట్లు కమ్మాయి. అది దించగానే ఛాతీ మీంచి బండ దింపినట్టయింది. దారి 1.8కి పెరిగింది. ఆ రాత్రి ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకున్నాను. నిద్ర పట్టాక కూడా అమ్మ నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉందని పక్క మంచం ఆవిడ చెప్పింది.

తొమ్మిదో నెలలో పాప పుట్టింది, 2.6 కిలోలు. ఏడుపు వినబడగానే అందరూ ఆడపిల్ల అంటున్నారు. నేను మాత్రం, తలుపు మూసుకుంది, అనుకున్నాను. కొన్ని నెలలకు తీసిన ఎకోలో నా రంధ్రం కూడా పూడిపోయింది.

అమ్మ కోటప్పకొండకు మొక్కుకుంది. డాక్టరు గారిని అడిగి, పాపకు ఏడాది దాటాక మెట్లు ఎక్కాను. ఆగుతూ ఆగుతూ ఎక్కాను, ఆయాసంతో మాత్రం కాదు. త్రికోటేశ్వరుడి దయ అంటుంది అమ్మ. నేను కాదనను.

గుంటూరుకు వెళ్ళి ఆ పీజీ అమ్మాయి కోసం వెతికాను. చదువు అయిపోయి వెళ్ళిపోయిందన్నారు. పట్నంలో ఆ మేడం దగ్గరికి కూడా వెళ్ళాను, ఎకో కాగితం బల్ల మీద పెట్టాను. చూసి, "అప్పుడు నువ్వు ఇంత చెప్పలేదు కదమ్మా" అంది. మూడు వేళ్ళు చూపించాను మేడం, మూడు దిండ్లు. ఆ కోపం నాకు పోలేదు, పోవాలని కూడా లేదు.

ఇది చదివే తల్లులకు ఒక్కటే చెబుతాను. పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి, యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వేయండి. కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తుంటే గుండె చూపించండి. ఆ జ్వరం మళ్ళీ రాకుండా పెనిడ్యూర్ రాస్తే పడుతుందో లేదో టెస్ట్ చేయించుకుని వేయించండి, నొప్పని మానేయకండి. నాకు కనీసం నలభై ఏళ్ళు వచ్చేదాకా వేయించుకోవాలన్నారు. కడుపుతో ఉన్న పిల్ల పడుకోలేకపోతున్నానంటే ఎకో చేయమని అడగండి. అది శబ్ద తరంగాలతో తీసేది, బిడ్డకు ఏమీ కాదు.

ఇంట్లో గోడ మీద క్యాలెండర్ ఉంది. 21 రోజులు లెక్కపెట్టి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది అత్తయ్యే. ఈ నాలుగేళ్ళలో ఒక్క తేదీ తప్పనివ్వలేదు. నిన్న కూడా పొద్దున్నే, "ఇవాళ సూది రోజు, స్కూల్‌కు చెప్పావా?" అని అడిగింది. ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేసరికి పాపకు అన్నం పెట్టి నిద్రపుచ్చింది, నాకు కాపడానికి వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టింది. అమ్మ పండక్కి వస్తే కాఫీ కూడా తనే కలిపి ఇస్తుంది. ఆ వరండాలో అన్న మాట గురించి మాత్రం ఇంతవరకూ అమ్మ దగ్గర ఎత్తలేదు. అమ్మా అడగదు. నేనే ఎదురుచూస్తున్నాను.