కాన్పు సంగతి ఎవరూ అడగలేదు

గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, పాప బర్త్ సర్టిఫికెట్ పెట్టుకునే ప్లాస్టిక్ కవరు ఒకటి మా బీరువాలో ఉంటుంది. అందులోనే నా కాన్పు తాలూకు డిశ్చార్జి కాగితం ఉండేది, పచ్చది, మడతల దగ్గర చిరిగిపోయి. 2011లో విజయనగరంలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళు ఇచ్చారు. వంకర రాతలో పీపీహెచ్ అని, పక్కన నాలుగు యూనిట్ల రక్తం అని ఉంది. కాన్పు తర్వాత మితిమీరి రక్తం పోవడాన్ని అలా రాస్తారని నాకేం తెలుసు? నా జబ్బు మూలం ఆ లైనులోనే ఉంది. ఏడేళ్ళు ఆ కాగితాన్ని బీరువాలోంచి తీసినవాళ్ళు లేరు.

పాప పుట్టిన మూడో రోజు నుంచే మొదలైంది. పాలు పడలేదు. తెలగపిండి కూర పెట్టారు, వెల్లుల్లి కారం పెట్టారు, మా అమ్మ భీమిలి నుంచి పాలసొర చేప తెప్పించి పొట్టు కూర చేసింది. చుక్క రాలేదు. పాప ఏడుస్తుంటే నేనూ ఏడ్చేదాన్ని. చూడ్డానికి వచ్చినవాళ్ళందరి ముందూ మా అత్తగారు అన్నమాట ఇది: "దీనికి కళ్ళల్లో నీళ్ళొస్తాయి గానీ పాలు రావు." అందరూ నవ్వారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తర్వాత ఎన్ని సూదులు పొడిపించుకున్నానో లెక్క లేదు గానీ, ఇప్పటికీ సలిపేది ఆ మాటే.

నెలసరి మళ్ళీ రాలేదు. "మంచిదే కదే, ఆపరేషన్ ఖర్చు మిగిలింది" అని మా ఆడపడుచు జోకేసింది. వైశాఖంలో కూడా ఫ్యాన్ కింద పడుకోలేకపోయేదాన్ని. మొహం పాలిపోయి ఉబ్బింది, కనుబొమలు పలచబడ్డాయి. చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి, అది సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. బిందెడు నీళ్ళు తెచ్చి అరుగు మీద కూలబడితే మళ్ళీ లేవడానికి గంట పట్టేది. బద్ధకం అన్నారు. గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు. ఊళ్ళో ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తే రెండు రోజులు మనిషినయ్యేదాన్ని, మూడో రోజు మళ్ళీ మామూలే. ఉప్పునీళ్ళకే ఎందుకంత ఊపిరి వస్తోందని ఒక్కరైనా ఆలోచించి ఉంటే!

టౌన్లో ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకాయన టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించి, "థైరాయిడ్ నార్మల్. అంతా మనసులో ఉందమ్మా, ఏదో ఒక పని పెట్టుకో" అన్నాడు. పొలం పని, ఇంటి పని, రెండు గేదెల పని చేస్తున్న మనిషికి ఇచ్చిన సలహా అది. థైరాయిడ్‌తో పని చేయించే ఆ టీఎస్‌హెచ్‌ని తలలోంచి పంపాల్సిన గ్రంథే చచ్చిపోతే ఆ అంకె నార్మల్‌గానే కనబడొచ్చని, పక్కన ఫ్రీ టీ4 కూడా, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కూడా చూడాలని నాకు తర్వాత తెలిసింది. అది తెలుసుకోవాల్సింది నేనా, ఆయనా?

2018 నవంబర్లో చూపించుకున్న రెండో ఆయన టీ4 చేయించాడు. బాగా తక్కువ ఉంది. 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాశాడు. పేరు దొరికిందని మా ఆయన ఆ రోజు మిఠాయి తెచ్చాడు. నిజానికి ఆయన తప్పు చూడలేదు, సగమే చూశాడు. కార్టిసాల్ అని, బీపీనీ షుగర్‌నీ పడిపోకుండా నిలబెట్టే హార్మోన్ ఒకటుంది. ఒంట్లో అది చాలనప్పుడు ఆ మాత్ర ఒక్కటే వేసుకుంటే, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా తొందరగా ఖర్చయిపోతుందట. మూడో వారానికి ఆ రాత్రి వచ్చింది.

సాయంత్రం నాలుగు విరేచనాలయ్యాయి. తొమ్మిదింటికి వాంతులు. పదకొండు దాటాక మా పాపని చూసి "ఎవరి పిల్ల ఇది, ఇంత రాత్రప్పుడు ఇక్కడుందేం?" అన్నానట. ఇది నాకు గుర్తులేదు. పాపకి గుర్తుంది. ఏడేళ్ళ పిల్ల, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. 108 వచ్చేసరికి ఒంటిగంట. దార్లో దీపాలు ముద్దలు ముద్దలుగా కనిపించడం, మా ఆయన నా అరికాళ్ళు రుద్దుతూ "చల్లగా అయిపోతోంది, తొందరగా పోనీ" అని డ్రైవర్ని బతిమాలడం మాత్రం జ్ఞాపకం. వైజాగ్‌లో కాజువాల్టీలో దింపేటప్పటికి బీపీ 70, షుగర్ 46, సోడియం 112. 135 పైన ఉండాల్సింది.

అక్కడ డ్యూటీలో ఉన్నది ఒక పీజీ అమ్మాయి. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నా చెయ్యి పైకెత్తి చంక చూసింది, రెప్పలు లాగి చూసింది. అప్పుడు మా ఆయన్ని అడిగింది, "కాన్పులో రక్తం బాగా పోయిందా? పాపకి పాలిచ్చారా ఈవిడ?"

ఏడేళ్ళలో ఆ రెండు ప్రశ్నలూ అడిగిన మొదటి మనిషి ఆవిడే. కార్టిసాల్ పరీక్షకి రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా కార్టిసాల్‌కి బదులు ఇచ్చే స్టెరాయిడ్ మందు, హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చేసింది. రిపోర్టు వచ్చేదాకా ఆగితే మనిషి ఆగదు అందట. తెల్లారి ఆరింటికి నేను కళ్ళు తెరిచి ఇడ్లీ కావాలన్నాను. ఎన్నేళ్ళయిందో నాకు ఆకలేసి. మా అమ్మ ఆ ఇడ్లీ పొట్లం విప్పుతూ పైడితల్లికి దండం పెట్టుకుంది, సిరిమాను పండగకి చీర మొక్కుకుంది. పీజీ అమ్మాయికి మొక్కుకోవే అన్నాను. ఆవిడ పేరు కూడా అడగలేదు మేం. మూడు రోజుల తర్వాత అడిగితే వేరే డ్యూటీకి వెళ్ళిపోయిందన్నారు.

తర్వాత మామూలే, రక్తపరీక్షలు, ఎమ్మారై. తలలో పీయూష గ్రంథి ఉండాల్సిన గూడు చాలావరకు ఖాళీ అని రిపోర్టు. గడ్డేమీ లేదు, ఆపరేషన్ అక్కర్లేదు. షీహన్ సిండ్రోమ్ అన్నారు. హెరాల్డ్ షీహన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1937లోనే రాశాడట దీని గురించి. కడుపుతో ఉన్నప్పుడు శనగగింజంత పీయూష గ్రంథి పెరుగుతుంది. కాన్పులో రక్తం కారిపోయి బీపీ పడిపోతే ముందుగా ఎండిపోయే వాటిలో అదొకటి. పాలు, నెలసరి, థైరాయిడ్, కార్టిసాల్, అన్నిటికీ హుకుం అక్కణ్ణించే. పదో తరగతిలో ఆ గ్రంథి పేరు బట్టీ పట్టాను, అర్థం ఎప్పుడూ చూడలేదు. పీయూషం అంటే అమృతమే కాదు, జున్నుపాలని కూడా అర్థం ఉందట. మా ఇంట్లో గేదె ఈనినప్పుడు జున్ను పంచుతూ ఆ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను, అది నవ్వేనని మాత్రం చెప్పలేను.

ఇప్పుడు లేవగానే హైడ్రోకార్టిసోన్ 10, మధ్యాహ్నం 5. స్టెరాయిడ్ వేశాక థైరాయిడ్ మాత్ర కూడా మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి చిన్న మోతాదుతో. నెలసరికి వేరే మాత్రలు. "స్టెరాయిడా! ఎముకలు గుల్లయిపోతాయి, మానెయ్" అన్న చుట్టాలు చాలామంది. ఒంట్లో ఉండాల్సిందే లేనప్పుడు ఆ లోటు మటుకు పూడుస్తున్నామని, అదనంగా ఏమీ ఇవ్వట్లేదని డాక్టరుగారు చెప్పారు. మానేస్తే ఏమవుతుందో ఆ రాత్రి చూశాను కాబట్టి శివరాత్రి ఉపవాసం వదిలేశాను గానీ మాత్ర వదల్లేదు. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలి. వాంతయి మాత్ర నిలవకపోతే సూది తప్పదు. హ్యాండ్‌బ్యాగులో ఒక వయల్, సిరంజి, నా జబ్బు రాసిన కార్డు ఉంటాయి. మా ఆయన తొడకి సూది వెయ్యడం నేర్చుకున్నాడు, పాపా నేర్చుకుంటానంటోంది.

కాన్పులో రక్తం ఎక్కువ పోయిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆ కాగితం బయటికి తీయండి. పాలు పడలేదా, నెలసరి రాలేదా, ఆ సంగతి డాక్టరుకి మీరే ముందు చెప్పండి. టీఎస్‌హెచ్ ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు, పొద్దున ఎనిమిదింటి కార్టిసాల్ పరీక్ష సంగతి అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మా అత్తగారు ఈనాటికీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మధ్యాహ్నం రెండయితే మాత్రం వంటింటి గుమ్మంలోకొచ్చి "మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతుంది, పాలవాడి లెక్క అడిగినట్టు. పోయిన నెల మా ఆడపడుచు కూతురికి కాన్పయింది, రక్తం ఎక్కించారు. ఫోన్లో అత్తగారి గొంతు వీధిలోకి వినబడుతోంది: "ఒసే, దానికి పాలు పడ్డాయా లేదా? లేదంటే పొట్టు వండుతూ కూర్చోకండి, రక్తపరీక్ష చేయించండి. కార్టిసాలు అని ఒకటుంటుంది, అడుగు." ఆ జబ్బు తనే కనిపెట్టినట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆడపడుచు వినలేదేమో, "కార్టిసాలు, కార్టిసాలు" అని మళ్ళీ రెండుసార్లు ఒత్తి చెప్పింది.

రెండయింది. లేచి మాత్ర వేసుకున్నాను.