సమాధుల మీద లంగరు

రోమ్‌లో ప్రిసిల్లా కాటకూంబ్ చూసొచ్చాను. నేల కింద ఇరుకు దారులు, గోడల పొడవునా అరలు అరలుగా తొలి క్రైస్తవుల సమాధులు. నా కళ్లు సిలువల కోసం వెతికాయి. కనబడింది లంగరు! సమాధి మూసిన పెంకు మీద ఎర్ర రంగుతో ఒక పేరు, దాని పక్కన చిన్న లంగరు, అంతే. మన నిరీక్షణ, అంటే దేవుని మీది ఆశ, ఆత్మకు లంగరు లాంటిదని బైబిల్లోని హెబ్రీ పత్రిక 6:19లో ఎన్నిసార్లు చదివానో. ఆ మాటను పట్టుకునే తమవాళ్లను సాగనంపారనిపించి గొంతు పూడుకుపోయింది.

ఇంకో గది పైకప్పు మీద మంచి కాపరి, అంటే కాపరి రూపంలో యేసు. గడ్డం లేని యువకుడు, భుజాల మీద ఒక జీవాన్ని మోస్తున్నాడు. సిలువ మీది యేసు బొమ్మలు బాగా తర్వాతివి. అదే ఊళ్లో సాంటా సబీనా చర్చి చెక్క తలుపు మీదున్నది 5వ శతాబ్దానిది, అదీ అతి పాతవాటిలో ఒకటి.

ఇవాళ ఈ గుర్తులన్నీ చర్చి లోగోల్లో, స్టేజీ వెనక తెరల మీద ఉంటున్నాయి. ఉండనివ్వండి, మంచిదే. కానీ లంగరు ముందు ఉండాల్సింది మన సమాధుల తోటలో, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల కంటికి ఆనేచోట. దాని అర్థం సండే స్కూల్ పిల్లలకూ చెప్పాలి. మా సంఘంలో ఈ మాట ఎత్తబోతున్నాను.